కంచె మీది చెయ్యి

ఔలు పట్నంలో జనవరి పొద్దు
పదింటి దాకా మొహం చూపించదు.
మేం ఆరింటికే లేస్తాం.
కిటికీ బయట థర్మామీటరు
మైనస్ ఇరవై రెండు అంటోంది,
బేరం ఒప్పుకోని కొట్టువాడిలా.

పొయ్యి మీద ఓట్ల జావ.
ఓయ్వ గిన్నెలో వేలు ముంచి
"కాల్తోంది" అంటాడు, మళ్ళీ ముంచుతాడు.
వాడికి రెండేళ్ళు.
అనుభవాన్ని ఇంకా నమ్మడు.

ఇక తొడగడం.
ముందు బనీను, మీద ఉన్ని చొక్కా,
మేజోళ్ళ మీద మేజోళ్ళు,
ఆపైన మెడ నుంచి మడమ దాకా ఒకటే అయిన దళసరి సూటు.
ఒక కాలు దూరేసరికి రెండోది బయటికొస్తుంది.
ఉల్లిపాయ వలిచినవాళ్ళు లోకంలో చాలామంది.
వలిచిన ఉల్లిపాయకి మళ్ళీ పొరలు తొడిగేదాన్ని
నేనొక్కదాన్నే అనిపిస్తుంది,
రోజూ, రెండు ఉల్లిపాయలకి.

జిప్పు గడ్డం దాకా లాగాక
పిహ్లా నా వంక చూస్తుంది.
ఆ చూపు నాకు తెలుసు.
"అమ్మా, ఒకటికి."
మళ్ళీ మొదటి పొర నుంచి.

ఈలోగా ఎడమచేతి తొడుగు లేదు.
కింది వాటా హెల్వి గారు అల్లిచ్చింది.
ఎర్ర ఉన్ని చాలక
బొటనవేలు నీలంతో ముగించింది.
బూట్లలో లేదు, సోఫా కింద లేదు,
ఓయ్వ దాచే చోటు, కుండల బీరువాలోనూ లేదు.
నా మేజోడొకటి దాని చేతికి తొడిగాను.
"ఇప్పుడు నా చెయ్యి కాలైంది" అంది, గర్వంగానే.

మెట్ల మీద ఇల్మో ఎదురొచ్చాడు,
ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ ముగించుకుని.
పహరా మార్చుకునే బంట్లలా
మా కాపరం సగం ఈ మెట్ల మీదే:
తాళాలు, ఓ ముద్దు, పాలు అయిపోయాయి.
కనురెప్పల మీది మంచు
మెట్ల వెచ్చదనానికి నీరై జారింది.
"నాన్న ఏడుస్తున్నాడు" అన్నాడు ఓయ్వ.
"కాదు, కరుగుతున్నాడు" అంది వాళ్ళక్క.

చీకట్లో స్లెడ్జి లాగుతున్నాను.
మంచు కింద పడి కిర్రుకిర్రుమంటోంది.
వీధి మలుపులో ఒక్కసారిగా
"ఆగు!"

కంచె గుంజ మీద ఎర్ర చెయ్యి.
ఎవరో నిన్న దొరికితే తగిలించి పోయారు.
మా వీధుల్లో అంతే,
పోయిన చేతులన్నీ గుంజల మీదే దొరుకుతాయి.
రాత్రంతా గడ్డకట్టి చెక్కలా నిలబడింది,
నీలం బొటనవేలు వీధిదీపం వైపు.
పిహ్లా మేజోటి చెయ్యి ఎత్తి ఊపింది.
నేను తీయబోతే కసిరింది.
"వద్దు. అది పనిలో ఉంది.
అందరికీ దండం పెడుతోంది."

బడికి ఆలస్యమైంది. ఆఫీసుకీ ఆలస్యమైంది.
నిజం చెప్పాలంటే నాకు కోపమే వచ్చింది.
చెయ్యి పెట్టకుండా ఎలా తిరుగుతుందనీ,
హెల్వి గారికేం చెప్పాలనీ.

మధ్యాహ్నం నిద్ర లేచి పాలకి వెళ్ళిన ఇల్మో
దాన్ని చూశాడు, సంబరపడ్డాడు,
తెచ్చి రేడియేటరు మీద ఆరేశాడు.
సాయంత్రం పిల్ల చూసింది.
ఏడుపు!
సూటు విప్పనివ్వదు, సూప్ తాగదు,
"రేపు పొద్దున్న అక్కడ ఎవరుంటారు?"
అదొక్కటే మాట.
చేసిన మంచిపనికి
ఇల్మో దొంగలా నిలబడ్డాడు.

రాత్రి తొమ్మిది.
ఓయ్వ నా భుజం మీద బరువెక్కాడు.
కిటికీ అద్దాన్ని మోచేత్తో తుడిచి చూస్తే
కింద ఇల్మో, డ్యూటీ సంచీతో,
కంచె దగ్గర.
వెచ్చగా ఆరిన తొడుగు కదా, నిలబడటం లేదు,
పక్కకి వాలిపోతోంది.
ఒంగి, మంచు పిడికెడు తీసి లోపల కూరాడు.
మలుపులో బస్సు లైట్లు.
పరిగెత్తాలి కదా, పరిగెత్తడే,
ఇంకా ఆ బొటనవేలే
తిన్నగా నిలబెడుతున్నాడు.