రిజిస్టర్లో లేని గడి

అల్దాన్ నది ఒడ్డున
మా వాతావరణ కేంద్రం రిజిస్టర్లో
గాలికో గడి, వానకో గడి,
మంచు మందానికి రెండు.
చంద్రుడి రంగుకు లేదు.

పద్నాలుగేళ్లుగా నింపుతున్నాను.
ఆ లోటు ఎవరూ అడగలేదు,
జూలైలో ఓ రాత్రి క్యున్నెయ్ వచ్చి
కిటికీ అద్దం మీద కొట్టేదాకా.
"సర్గిలానా, చంద్రుడు కూడా అంటుకున్నాడా?"

ఎనిమిదేళ్ల పిల్ల.
తండ్రి ఎర్చిమెన్ పదకొండు రోజులుగా అడవిలో,
మంటకు ఎదురు కందకం తవ్వుతూ.
నదికి అవతల, లార్చ్ చెట్ల మీద
మసి పట్టిన రాగి చెంబు అడుగులా
లేవడానికే బద్ధకిస్తున్నాడు చంద్రుడు.

నేను నోరు తెరిచేలోగా
గుర్రాల ఉయ్‌గులాన్ అందుకున్నాడు,
పులిసిన గుర్రప్పాల గిన్నె పక్కన పెట్టి.

"మంద నది దాటడం చూశావుగా.
వెలుగూ మందే.
నీలాలు గుర్రప్పిల్లలు, పొట్టి అడుగులు.
ప్రతి గులకరాయికీ తట్టుకుని
అటొకటి ఇటొకటి చెదిరిపోతాయి.
పగటి ఆకాశమంతా మేస్తూ కనిపించేవి అవే.
ఎరుపులు ముసలి గుర్రాలు,
బారెడేసి అంగలు. రాళ్లను లెక్కచెయ్యవు.
చంద్రుడు నడినెత్తినుంటే ఏరు ఇరుకు.
దాదాపు అందరూ దాటుతారు, తెల్లగా వస్తాడు.
ఎండాకాలం మన దగ్గర పున్నమి పైకెక్కదు,
అడవి అంచునే పాకుతూ పోతుంది.
ఏరు వెడల్పు. పైగా ఈ ఏడు బురద.
ఒడ్డు చేరేది ముసలివే."

"మరి పిల్లలు చచ్చిపోయాయా?"

"లేదు. దారి తప్పాయంతే."

ఆ పిల్ల పొగ ఉన్న వైపు చూసింది.
ఉయ్‌గులాన్‌కి తన మాట తనకే గుచ్చుకుంది.
ఖాళీ గిన్నెను మళ్లీ నోటికెత్తాడు.

మూడు రాత్రుల తర్వాత, అర్ధరాత్రి దాటాక,
చంద్రుడు నీలంగా లేచాడు.
మైలుతుత్తం నీళ్లలో ముంచి తీసినట్టు.
ఊళ్లో కుక్కలు సైతం ఊరుకున్నాయి.
ఉయ్‌గులాన్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
"నా గుర్రాలు తిరగబడ్డాయి," అన్నాడు.

అప్పుడు నా వంతు.
చెప్పాను: ఎప్పుడో నూటికో కోటికో
పొగలో నలుసులన్నీ ఒకే కొలతకొస్తాయి,
ఎవరో జల్లెడ పట్టినట్టు.
ఇసుకా గులకా అయితే పిల్లలు పడతాయి.
ఈ రాళ్లు మాత్రం
సరిగ్గా ముసలివాటి మోకాళ్లెత్తు.
చదివిందే తప్ప నేనూ చూడలేదు.

"అయితే ఇవాళ పిల్లలొచ్చాయి," అంది క్యున్నెయ్.
ఇంకేమీ అడగలేదు. వెళ్లి పడుకుంది.

నాకు నిద్ర రాలేదు.
ఆ నలుసులు ఏమిటో తెలుసు గనక.
నేల కింద కుమిలే నాచు,
బెరడులోంచి ఆవిరై, పైన చల్లారి
చుక్కలు కట్టిన చెట్ల తైలం.
అంత అందంగా ఉండకూడదనిపించింది.
చూస్తూనే ఉన్నాను.

ఇరవై మూడో రోజున ఎర్చిమెన్ తిరిగొచ్చాడు,
కనుబొమలు లేకుండా.
అక్కడ చంద్రుడు ఏ రంగని కూతురడిగితే
"అక్కడ చంద్రుడు లేడమ్మా" అని
రొట్టె కోసం చెయ్యి చాపాడు.

ఇప్పుడు డిసెంబరు, మైనస్ యాభై ఒకటి.
పున్నమి నెత్తి మీదే ఉంది, దిగనంటోంది.
మంద మొత్తం దాటేసింది.
కింద ఉయ్‌గులాన్ గుర్రాలు
గిట్టలతో మంచు తవ్వి గడ్డి వెతుక్కుంటున్నాయి.

"ఇతర వివరాలు" అనే గడిలో
ఆ రాత్రే పెన్సిల్‌తో ఒక్క మాట రాశాను:
చంద్రుడు, నీలం.
దాని మీద యాకుత్స్క్ ఆఫీసు నుంచి ఉత్తరం:
నీలం అనగానేమి, వివరించగలరు.

జవాబు ఇంకా రాయలేదు.
ఆ కాగితం వెనక క్యున్నెయ్
ఏడు గుర్రప్పిల్లల్ని గీసింది,
ఒకదానికి కాళ్లు ఐదు.
అదే పంపేద్దామా అని చూస్తున్నాను.