మూడువేల రెండొందలు

ఆరింటి పంటు మీద గోదారి దాటి
నరసాపురంలో రామభద్రిరాజు గారి పెరటి తలుపు తీస్తాను.
కొలను అప్పటికింకా లేవదు.
మోటారు మీట నొక్కితే
గొట్టంలో ఒక గుటక, ఇంకో గుటక,
ఆనక నీలం పలకల మీద వెలుతురు కదులుతుంది.

ముందు జల్లెడబుట్ట దులపాలి.
రాత్రి రాలిన పొగడపూలు, రెండు మిడతలు,
ఒక్కోసారి కప్పపిల్ల. బతికే ఉంటుంది,
గోడవతల కాలవలో వదిలేస్తాను.
కప్పకి ఉప్పు పడదు.
నాకు ప్రతి నెలా ఒకటో తారీఖున పడుతుంది.

ఉప్పునీళ్ళు రేకుల మధ్య నుంచి పోతూ
కరెంటు తగిలి క్లోరిన్ పుట్టిస్తాయి,
మురికిని చంపాక మళ్ళీ ఉప్పైపోతాయి.
యంత్రం బిగించిన భీమవరం కుర్రాడు అరగంటలో నేర్పేశాడు.
"గుర్తెట్టుకో బాబాయ్, ఆవిరయ్యేది నీళ్ళే.
ఉప్పు ఎక్కడికీ పోదు."
మా కేశవదాసుపాలెంలో
పాలుతాగే పిల్లలకీ తెలుసా సంగతని నేననలేదు.

మూడు నెలలకోసారి రేకులు విప్పుతాను.
సుద్ద పేరుకుని ఉంటుంది, పాత కుండ అడుగులా.
నాలుగు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు యాసిడ్డు.
నీళ్ళు ముందు, యాసిడ్డు తర్వాత,
తిరగేస్తే మొహం మీదకి లేస్తుంది.
బుసబుసమని నురగ, పావుగంట.
చువ్వ పెట్టి గీకానంటే పూత పోయి
నా మూడు నెలల జీతం పోయినట్టే.

మొన్న అల్పపీడనం మూడురోజులు కురిసింది.
కొలను పొర్లి, పెట్టె మీద ఎర్రదీపం:
ఉప్పు చాలదు.
మీటరులో రెండువేల ఎనిమిదొందలు,
ఉండాల్సింది మూడువేల రెండొందలు,
అరవైవేల లీటర్లు. ఒక బస్తా.

బస్తా మూతి కోసి, బొచ్చెలో పోసుకుని
అంచు వెంట నడుస్తూ జల్లాను.
చెయ్యి దానంతటదే
నారుమడిలో తిరిగినట్టు తిరిగింది.

ఎకరంపావు చేలో ఉప్పు దింపాలని
జిప్సం జల్లింది అమ్మ, జీలుగ వేసి దున్నించింది,
కాలవనీళ్ళ వంతు వచ్చిన రాత్రి
లాంతరుతో గట్టు మీదే కూర్చుంది,
నిలగట్టి, వదిలి, మళ్ళీ నిలగట్టి.
పక్కన రాజుగారి చెరువుల్లో రొయ్య ఏపుగా పెరిగింది.
మే నెలకి చేను తెల్లగా పూసింది.
ముగ్గేసినట్టు లేదూ, అని నవ్వింది.
నేనూ నవ్వాలో వద్దో తెలియక
పార తీసుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు మా నూతినీళ్ళు సీసాలో పట్టుకొచ్చి
ఎవరూ లేనప్పుడు మీటరు ముంచాను.
రెండువేల తొమ్మిదొందలు.
కడిగి మళ్ళీ ముంచాను. అంతే.
ఇంకో మూడొందలెక్కితే
రాజుగారి మనవరాలు దూకొచ్చు మా నూతిలో.

సాయంత్రం అమ్మ మంచినీళ్ళ టిన్ను
చెంబులోకి వంచుతూ అడిగింది:
"అంత ఉప్పు పోస్తే ఈదేవాళ్ళకి కళ్ళు మండవేంట్రా?"
మండవు. కన్నీళ్ళలో మూడోవంతే ఉంటుంది, అన్నాను.
"మన నూతికన్నా ఎక్కువా, తక్కువా?"

టిన్ను బరువుగా ఉంది, ఇలా ఇయ్యమ్మా,
అని అందుకున్నాను.