వరుస చివర గీత

నాచారంలో మూడో అంతస్తు.
కింద టైర్ల దుకాణం. పైన మేం పదకొండుమందిమి
మాకు రాని భాషలో పుస్తకాలు పేరుస్తాం.
నా పని వరుస చివరిది:
పదం పట్టకపోతే ఎక్కడ విరిచి
చిన్నగీత పెట్టాలో చూడ్డం.

డచ్చివాళ్ళు పేర్ల మధ్య సందు వదలరు.
ఎనిమిదిన్నరకి సీతాఫల్‌మండి బస్సు ఎక్కినట్టు
ఒకదానిమీదొకటి ఎక్కుతాయి.
మొదటివాడి కాలొక్కటే నేలమీద,
బరువంతా ఆ కాలిమీదే.

వల్‌కౌల్ అని ఒక మాట.
వల్ దగ్గర ఆపితే గొయ్యి,
ఆకులు కప్పి జంతువును పడేసే గొయ్యి.
ఒక్క అక్షరం అవతల ఆపితే
డేగ, దాని పక్కన గుడ్లగూబ.
పోయిన మంగళవారం మిషను అక్కడే ఆపింది.
నూట పద్నాలుగో పేజీలో
వేటగాడు తవ్విన గొయ్యి
రెక్కలొచ్చి ఎగిరిపోయింది.
నేను చూళ్ళేదు.
యూట్రెక్ట్ నించి ఎర్రసిరాలో
గుడ్లగూబ బొమ్మ ఒకటి వచ్చింది, కళ్ళు ఇంతింత చేసుకుని.

నాకేం తెలుసు?
గురువూ లఘువూ వేళ్ళమీద లెక్కపెట్టాను గానీ
ఊనిక అంటే ఏమిటో బళ్ళో ఎవరు చెప్పారు?
మా అమ్మ లకడీకాపూల్‌లో దిగిన మొదటిరోజు
కొయ్యపూలు ఎక్కడమ్ముతారని అడిగిందట.
పూలు కాదమ్మా, వంతెన అన్నారు.
వంతెనా కనబడలేదు.

పక్కసీటు ఖుర్షీద్ సాబ్
ఒకప్పుడు ఉర్దూ పేపరుకి చేత్తో రాసినవాడు.
"మేం లఫ్జును ఇరగ్గొట్టేది లేదు బేటీ.
జాగా మిగిలితే హర్ఫును గుంజుతం,
తక్కువైతే మీదికెక్కిస్తం.
ముక్కలు చేసుడు కసాయి పని."
అంటూనే కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
వల్, అన్నాడు, బల్లమీద పిడికిలితో.
కౌల్, అన్నాడు, వేలికొసతో.
మొదటిదానికే టీ గ్లాసు కదిలింది.

అప్పట్నించీ ప్రతి మాటా కొట్టి చూస్తాం.
నిన్న ఒకటి దొరికింది:
ముందు కొడితే జనమంతా చేరిన ప్రార్థన,
కాస్త ఆగి కొడితే ఒళ్ళు పట్టించుకునే మంచం.
ఖుర్షీద్ సాబ్ నమాజుకి లేస్తూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.
ఏ గ్లాసు కదిలితే ఆ పక్కన
నేను గీత పెడతాను.

సాయంత్రం బస్టాపు ఎదుట గోడమీద
రంగు రాసినవాడికి చోటు చాల్లేదు:
ఈ ఇల్లు అమ్మ
కానికి.
మధ్య గీత లేదు. మన మాట ఎక్కడ తెగినా అడిగేవాడు లేడు.
కమ్మీమీద వేలితో కొట్టి చూశాను.
సిగ్నల్ పడలేదు.
బస్సు కదిలేదాకా
ఆ ఇల్లు అమ్మ దగ్గరే ఆగింది.