పానం ఏ గడిల రాయాలె

జిలీబ్‌ల ఇసుక రంగు దవాఖాన.
నా కుర్చీకి ఒక కాలు పొట్టి,
దాని కింద మడిచి పెట్టిన అట్టముక్క
నా కన్న ఎక్కువేండ్ల నౌకరి చేసింది.
టైల్స్ పనిల మోకాలు పోయినంక
నాకు మిగిలింది నాలుకే.
తెలుగు తీసుకొని హిందీ ఇస్త,
హిందీ తీసుకొని అరబ్బీ ఇస్త.
చిల్లర ఎప్పుడూ జర తక్కువ వస్తది.

ముత్తెన్న వచ్చిండు. కోరుట్ల దిక్కు.
పరంజీలు కట్టేటోడు.
"పానం మంచిగ లేదు" అన్నడు.
డాక్టర్ నా మొకం జూసిండు: ఎక్కడ?

ఎక్కడంటే ఏం జెప్పాలె.
మా దిక్కు పానం ఒక్కటే.
జరమొస్తె పాడయ్యేది అదే,
బెంగటిల్లితె కొట్టుకునేది అదే,
పిల్లల మీద పెట్టుకునేది,
ఆఖరికి పోయేది
అదే.
నేను "ఛాతీ" అన్న.
కాయితం మీద ఛాతీకి గడి ఉన్నది గద.

నెత్తురు తీసిండ్రు, గుండెకు వైర్లు పెట్టిండ్రు.
అన్ని నార్మల్.
'ఫిట్' అని ముద్ర పడ్డది,
వీసా కోసం బొంబాయిల కొట్టిన ముద్ర లెక్కనే,
గదే నీలం.
తలుపు కాడ ఆగి మెల్లగ అన్నడు:
"అన్నా, పరంజీ ఎక్కినంక
ఈ చేతులు నాయి కావనిపిస్తది.
తమ్ముని కాష్టం ఫోన్ల జూసిన,
అగ్గి పెట్టే యాళ్లకు సిగ్నల్ పోయింది.
గా దినం కాంచి నిద్ర లేదు."
నేను అరవై మూడో టోకెన్ పిలుస్తున్న.
గది ఛాతీ గాదనుకున్న.
లోపటికి పోయి చెప్పలె.

అరవై మూడు, ఓబుళమ్మ.
రాయచోటికి అవతల ఊరు, ఇక్కడ ఇంటిపని.
గోడకు తల కొట్టుకుంటాంది.
"కడుపులో కాలతాండాది సార్, మూడు దినాలాయ."
పక్కన నల్ల అబాయ వేసుకున్న మేడమ్ నవ్వింది:
ఇది దినాం ఏడుస్తది, దీనికి పిచ్చి.
ఏడుపు అందరికి కనవడ్డది.
కడుపు ఎవ్వరికి కనవడలె.
నేను రెండూ చెప్పిన, ఒట్టు, రెండూ చెప్పిన,
డాక్టర్ పెన్ను ఒక్కదాని మీదనే ఆగింది.

రోడ్డవతల ఇంకో బిల్డింగు ఉన్నది, మనసులకు.
ఇటు మూడు లైన్లు, అటు మూడు,
నడుమ సిగ్నల్ లేదు,
పిల్లులు తప్ప ఎవ్వరు దాటరు.
ఆమెను వ్యానుల దాటించిండ్రు.
నిద్ర గోలీలిచ్చిండ్రు. ఆమె పండుకున్నది.
నొప్పి పండుకోలె.
రెండో రాత్రి లోపట ఏదో పలిగింది.

బతికింది. పద్దెనిమిది కుట్లు.
మళ్ల వ్యానుల ఇటు తెచ్చిండ్రు.
గప్పటి సంది ఆమె ఎందుకేడ్చిందో
ఎవ్వరడగలె.
ఇప్పుడామె కడుపు కేసు.

నెల దాటినంక ముత్తెన్న మళ్లొచ్చిండు,
స్ట్రెచర్ మీద.
మణికట్టు, రెండు పక్క బొక్కలు.
ఇసుక కుప్ప మీద పడ్డడు గావట్టి
మాట్లాడుతున్నడు.
కాయితం నిండింది ఈసారి,
అన్ని గడులకు పని దొరికింది.
ఎట్ల పడ్డడన్న కాడ
'కాలు జారి' అని రాసుకున్నరు.
కాలు గాదు, చెయ్యి. నాకెరుకే.
నా నోట్లె ఉన్నది గా మాట
నెల దినాలసంది,
గొంతుల ఇరికిన చాప బొక్క లెక్క.

వాడు నన్ను గుర్తువట్టి
పగిలిన పెదవులతోని అడిగిండు:
"అన్నా, నీ పానమెట్లున్నది?"

పదకొండేండ్లు. గా ప్రశ్న
ఈ కుర్చీల నుంచి నేను అడిగిన్నే గాని
నా దిక్కు ఒక్కసారన్న మర్లలె.
ముందుగాల మోకాలు సలిపింది.
తర్వాత కండ్లు.
ఏది దేనికి మొదలో
గా కాయితం చేసినోన్ని రమ్మనుర్రి, చెప్పుమనుర్రి.

"ఏమంటున్నడు?" డాక్టర్ అడిగిండు.
అరవై నాలుగు ఎర్రగ మెరుస్తున్నది.
నేను తర్జుమా చెయ్యలె.
పొట్టికాలు కుర్చీ మంచం కాడికి గుంజుకున్న,
అట్టముక్క ఆడనే పడిపోయింది.
కూసున్న, ఒక దిక్కుకు ఒరిగి.

"తమ్ముని పేరేందిరా?" అన్న.