ఏడు మూరల కిటికీ

రెండు బెత్తెలకొక అంకె.
గాడిలంక మూడో నంబరు బావి
రెండు కిలోమీటర్ల అడుగు నుంచి
తన గురించి చెప్పుకున్నదంతా ఇంతే:
ఇక్కడ బంక, ఇక్కడ ఇసక, ఇక్కడ మళ్ళీ బంక.
చేద దిగని బావి, గిలక లేని బావి.

రాజమండ్రి ఆఫీసు మూడో అంతస్తులో
ఏసీ చలికి చున్నీ మెడకి చుట్టుకుని
దాని గామా గీత చూస్తున్నాను.
తుమ్మకొమ్మలా ఉంది, నిలువునా ముళ్ళు.
కామేశం గారు భుజం మీదుగా వంగి
"కాస్త నున్నగా చెయ్యమ్మా,
ఇంత గరుకు మోడల్‌కి గొంతు దిగదు" అన్నారు.
నాలుగింటికి ఆయనకి మీటింగు.

తెలియని పనేం కాదు.
మెనూలో ఒక మాట, మాట కింద ఒక గడి,
గడిలో ఇరవై ఒకటి.
లెక్కేస్తే సరిగ్గా ఏడు మూరల కిటికీ.
గీత మీద దాన్ని జార్చుకుంటూ పోతే
ప్రతి అంకే లేచి
పైన పదిమందిని, కింద పదిమందిని అడిగి
మీరెంతంటే నేనూ అంతేనని కూర్చుంటుంది.

నొక్కాను.
పరంబు తోలిన మడిలా గీత సాపైపోయింది.

పరంబు అంటే మా చిన్నమావయ్య వీరాస్వామి.
దమ్ము చేసిన చేలో, ఎడ్ల వెనక,
మెరక వస్తే పలక మీద ఎక్కి నిలబడేవాడు,
పల్లం వస్తే దిగేవాడు.
తూర్పు మూల మాత్రం ఒక మెరక ఉంచేసేవాడు, మంచమంత.
ఊరంతా నవ్వేది, వీరాస్వామికి చెయ్యి తిరగలేదని.
మురుగుకాలవ పొర్లి చేలన్నీ మునిగిన ఏడు
పచ్చగా మిగిలింది ఆ మంచమే.
ఆ నారు కోసమే అందరూ వచ్చారు.

వెనక్కి తిప్పాను. మళ్ళీ ముళ్ళు.
రెండు నన్ను వదలడం లేదు.
రెండువేల తొంభై మీటర్ల దగ్గర ఒకటి:
కాసేపు కర్రలా నిలబడి, ఉన్నట్టుండి ఎగిరింది.
ఇంకాస్త కింద ఒకటి: మూడే అంకెలు,
మూరెడు మందం, ఎడమకి పొడుచుకుని.

పాత కాగితం లాగ్ తీయించాను.
అంచున పెన్సిలు సంతకం, వాసంశెట్టి ధర్మారావు.
వించి దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి,
ఇప్పుడు మలికిపురంలో కొబ్బరిపీచు వ్యాపారం.
ఫోన్‌లో వెనక మిషను మోత.
"ఆ రాత్రి ఒకటే వానండి.
టూలు పైకి లాగుతుంటే పట్టేసింది.
కేబులు బిగిసి బిగిసి వదిలింది.
పైన ముల్లు నాదేనండి, తీసెయ్యండి.
కిందది మాత్రం నాది కాదు."

మరెవరిది?

లక్షల ఏళ్ళ కిందట, ఒక రాత్రో రెండు రాత్రులో,
నది గట్టు తెంచుకుని
బంక మీద మూరెడు ఇసక పరిచి
తెల్లారేసరికి తన దారిన తను పోయింది.
మళ్ళీ బంక. వేల ఏళ్ళ బంక.
సగటు తీస్తే
గోదావరి ఏనాడూ పొంగలేదు.

మూడున్నరైంది.
ధర్మారావు ముల్లు చేత్తో పీకేశాను.
మిగతా గీతంతా ఏడు మూరల కిటికీలోంచి నడిపించాను.
ఆ మూడంకెల దగ్గరికొచ్చి
పలక దిగాను.

మీటింగులో ఎవరో అడిగారట,
ఇంత సాపు గీతలో ఆ ఒక్క ముల్లేమిటని.
కామేశం గారు గోదారి అన్నారో,
పిల్లకి చెయ్యి తిరగలేదన్నారో
ఇంకా తెలియలేదు.