పోటు, పాటు

ఆఖరి పంటు సఖినేటిపల్లి రేవుకి పోయాక
టిక్కెట్ల సంచీ గల్లాపెట్టెలో పడేసి
రూబేను వస్తాడు పాత మిషను బంగళాకి,
చేతులకి ఇంకా డీజిలు వాసన.

పియానో అక్కడే ఉంది.
దొరసాని వెళ్ళిపోతూ అమ్మిన సామాన్లలో
బరువు వల్ల మిగిలిపోయిందది.
ఉప్పుగాలికి తీగలు తుప్పెక్కాయి,
లోపల ఎలకలు కొన్నాళ్ళు కాపురముండి ఖాళీ చేశాయి.
మధ్యలో ఒక మెట్టు పలకదు.
నొక్కితే టక్కుమంటుంది, తలుపు గొళ్ళెంలా.
రూబేను దాన్ని దాటెయ్యడు.
అదీ వరసలోదేనంటాడు.

నాది నర్సాపురంలో మైకుసెట్ల కొట్టు.
పెళ్ళిళ్ళకి, ప్రార్థన కూటాలకి, ఎలక్షన్లకి
ఊరి చెవులు గింగురుమనేలా అరిపించడం నా పని.
ఒకడు మెల్లిగా వాయిస్తుంటే
పట్టుకోవడం నాకు కొత్త.
ఒక మైకు పియానో కడుపులో పెట్టాను,
ఒకటి కిటికీ దగ్గర.
కిటికీ మూసేద్దామంటే ఒప్పుకోలేదు.

కిటికీ అవతల రొయ్యల చెరువులు.
రాత్రంతా ఏరేటర్లు నీళ్ళు చిలుకుతాయి
ఒకే శ్రుతిలో, ఆవులింత కూడా లేకుండా.
“ఊరికే దొరికిన తంబురా అండీ” అని
ఎడంచేతి పని సగం దానికి అప్పజెప్పి
కుడిచేత్తో మొదలెట్టాడు.

జాజ్ అంటారట దీన్ని.
ఎక్కడ పట్టావయ్యా అంటే
“మా నాన్న షార్ట్‌వేవ్ రేడియోలో.
అర్ధరాత్రి ఏదో స్టేషను, పేరు తెలీదు.
కాసేపు తేలేది, కాసేపు మునిగేది.
మునిగినప్పుడు వాళ్ళేం వాయించారో తెలీదు కదండీ,
అక్కడ నాది వేసుకునేవాణ్ణి.”

మంగళవారం రాత్రిది బాగా వచ్చింది.
నాలుగు మెట్ల చిన్న వరస ఒకటి దొరికింది,
చీరలో పడ్డ చీరమేనులా తళుక్కుమని.
దాన్ని తిరగేశాడు, తోక పట్టి లాగాడు,
వదిలేసి ఎటో పోయి
అది మర్చిపోయాడనుకునేసరికి తెచ్చి ముందు పెట్టాడు.
పదకొండో నిమిషంలో కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగాయి.
అంత నిశ్శబ్దం ఈ ఊళ్ళో నేనెప్పుడూ వినలేదు.
నా పెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది.
చీకట్లో పలకని మెట్టు మీద టక్, టక్,
గట్లమీద కాపలావాళ్ళ పరుగులు, కేకలు,
మళ్ళీ టక్.
జనరేటరు లేచింది, పాత శ్రుతికి అర మెట్టు కింద.
అతనూ దిగాడు దానితో,
పంటకాలవ మడిలోకి దిగినంత సులువుగా.

మర్నాడు రేవులో పట్టుకుని అడిగాను.
గోల ఎక్కువుంది, నిన్నటిదే మళ్ళీ వాయించవా అని.
మోటారుసైకిలు వాడికి చిల్లర లెక్కపెడుతూ అన్నాడు,
“పోటులో వచ్చిందండీ, పాటులో పోయింది.
ఇవాళ్టి నీళ్ళు వేరు.”

సరే, గోల నేనే తీసేద్దామని
కొట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూచున్నాను.
ఏరేటర్లు తీస్తే ఎడంచెయ్యి పోతోంది.
కాపలావాళ్ళని తీస్తే తాళం పోతోంది.
ఒక కప్పని తీశాను,
మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టేశాను.

ఏడో నిమిషంలో ఎవరో దగ్గారు.
నేనే. ఆ రాత్రి దగ్గినట్టు గుర్తులేదు.
దగ్గు వెనకే, పైమెట్ల మీద మూడు స్వరాలు,
నా దగ్గులోని విరుపే,
“ఆయ్, ఉన్నారాండీ?” అన్నట్టు.
పక్కనే కూచుని నేను
వైర్ల వంక చూసుకుంటున్నాను కాబోలు.

ఈలోగా ఓ కుర్రాడొచ్చాడు
ఓణీల ఫంక్షనుకి నాలుగు పెద్ద బాక్సులు కావాలని.
రేటు చెప్పి, అడ్వాన్సు తీసుకుని పంపేశాను.
కొట్లో ఎవరూ లేరని చూసుకుని
ఇంకోసారి దగ్గాను.

ఫ్యాను తిరుగుతోంది.
చాలాసేపటికి రేవు వైపు నించి
పంటు హారను, ఒకటే, పొడుగ్గా.