తడి బెంచీ

కోవెంట్రీ కౌన్సిల్ హాల్లో నాకిచ్చింది మూడు నిమిషాలు.
ఫోల్స్‌హిల్ రోడ్డు బస్టాపులో బెంచీ గురించి.
మధ్యలో ఇనప కమ్మీలు బిగించారు,
డెస్మండ్ నడుం వాల్చకుండా.

వానలో గడప గడపా తిరిగి
నూటపన్నెండు సంతకాలు తెచ్చింది మోరీన్,
ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి.

మైకు ముందు నోరు తెరిచానో లేదో
మా తాత గుర్తొచ్చాడు.
పొద్దుగూకేసరికి వీధరుగు మీద
కుండెడు నీళ్లు కుమ్మరించేవాడు.
కళ్లాపి లాంటిదే అనుకున్నాను.
కాదు.
చేలోంచి వచ్చే కూలీలు
అక్కడ కూలబడకుండా.
ఆ కుండ మోసుకొచ్చి ఇచ్చింది నేనే.

ఇంకా నలభై సెకన్లున్నాయన్నాడు ఛైర్మన్.
కమ్మీలు తియ్యండి, అన్నాను.
ఎవరితో అన్నానో.

నిర్ణయం మార్చికి వాయిదా.
తిరిగొస్తూ స్టాపులో ఆగి
మోరీన్ తన మఫ్లర్ విప్పి
బెంచీ తడి తుడిచింది,
ఈ చివర్నించి ఆ చివరిదాకా,
కమ్మీల కింద కూడా.